పంతులుగారు చూడబోయింది ఎవరిని? – గోడ బొమ్మ గురించి కందుకూరు తమ్ముడికి జవాబు

కందుకూరు తమ్ముడు అడిగింది ఇదీ. హైస్కూలు హాల్లో పన్నెండు అడుగుల పొడవు, ఏడు అడుగుల ఎత్తున్న గోడ మీద ప్రకాశం పంతులుగారు తుపాకికి రొమ్ము చూపిన ఘట్టం వెయ్యమని పని ఒప్పజెప్పారు. నాలుగు స్కెచ్‌లు వేశాడు. నాలుగూ సినిమా పోస్టర్లలాగే వచ్చాయి. "తుపాకి ఉంది, పోలీసు ఉన్నాడు, పంతులుగారు ఉన్నారు. అయినా చూసేవాడికి గుండె జారడం లేదు. ప్రపంచంలో పేరున్న చరిత్ర చిత్రాల్లో అధికారాన్నీ చావునీ ఎట్టా చూపించారు? అందులో నా గోడకు పనికొచ్చేది ఏంది?" అని అడిగాడు.

నేను ఒంగోలు చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. సెలవుల్లో బ్యానర్లు రాశాను, గోడలకు బొమ్మలు వేశాను. రిటైరైనాక పూర్తిగా రంగులతోనే ఉన్నాను. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాయనా, నీ స్కెచ్‌లు ఒకటికి రెండుసార్లు చూశాను. గీతలో బలం ఉంది. మూడోదాంట్లో తుపాకి పట్టుకున్న చేతి వేళ్లు చక్కగా కుదిరినయ్. లోపం గీతలో లేదు. నాలుగు స్కెచ్‌లలోనూ ఒక మనిషి లేడు. ఆ మనిషి లేకపోబట్టే మిగతావాళ్లంతా ఫోటోకు నిలబడినట్టు ఉన్నారు.

అసలు ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి అనుకుందాం. 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు. దేశమంతా హర్తాళ్, మద్రాసులోనూ హర్తాళే. హైకోర్టు దగ్గర జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవం దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు. పంతులుగారు వచ్చి చూస్తానన్నారు. అడ్డంగా తుపాకి పెట్టి, అడుగు ముందుకు పడితే కాలుస్తామన్నారు. అప్పుడు ఆయన రొమ్ము చూపించి కాల్చమన్నారు. చివరికి దారి ఇచ్చారు, ఆయన వెళ్లి చూశారు. ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర' ఏ గ్రంథాలయంలో అయినా దొరుకుతుంది. బొమ్మ మొదలుపెట్టే ముందు ఆ భాగం మనసుపెట్టి చదువు.

ఇందులో ఏం గమనించాలంటే, పంతులుగారు రొమ్ము చూపించడానికి వెళ్లలేదు. చచ్చిపోయిన పిల్లవాణ్ణి చూడ్డానికి వెళ్లారు. మనం విగ్రహాల్లో, క్యాలెండర్లలో, ఫ్లెక్సీల్లో రొమ్మునే చూసి చూసి, ఆ రొమ్ము ఎవరి కోసం తెరుచుకుందో మర్చిపోయాం. శవాన్ని తీసేస్తే మిగిలేది ఒక భంగిమ. భంగిమకు పోస్టర్ చాలు, పన్నెండు అడుగుల గోడ ఎందుకు?

ఇంకొకటి. నీ రెండో స్కెచ్‌లో ఆయనకు పహిల్వాను ఛాతీ పెట్టావు. పంతులుగారు పుట్టింది 1872 ఆగస్టు 23న, మన వినోదరాయునిపాలెంలో. అంటే ఆ రోజు ఆయనకు యాభై అయిదు నిండి ఆరు నెలలు కావస్తోంది. బారిస్టరు, ప్రాక్టీసు వదిలేసుకుని 'స్వరాజ్య' పత్రిక నడిపిన మనిషి. యాభై అయిదేళ్ల మనిషి ఛాతీ ఎట్టా ఉంటుందో నీకు తెలుసు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండే ఉంటారు. మెడ కింద చర్మం కాస్త వదులై, కంఠం ఎముకలు కొద్దిగా పైకి తేలి ఉంటాయి. రొమ్ము మీద నెరిసిన వెంట్రుకలు. తూటాకు ఎదురుగా అట్టాంటి ఛాతీ పెడితే చూసేవాడికి కడుపులో దేవుతుంది. ఉక్కు ఛాతీ పెడితే తూటా తగిలినా ఏం కాదులే అనిపిస్తుంది. కండలు పెంచిన కొద్దీ నువ్వు ఆయన ధైర్యాన్ని తగ్గిస్తున్నట్టే.

ఇక పెద్దవాళ్ల సంగతి. నీ గోడకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన '1808 మే 3' బొమ్మ. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో ఉంది. దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తు, పదకొండు అడుగులకు పైగా పొడవు, అంటే నీ గోడకు దగ్గర దగ్గరగా ఉంటుంది. నెపోలియన్ సైన్యం మీద మాడ్రిడ్ జనం మే 2న తిరగబడ్డారు. దొరికినవాళ్లను ఫ్రెంచి సైనికులు ఆ రాత్రి, మర్నాడు తెల్లవారేదాకా కాల్చి చంపారు. గోయా ఆ బొమ్మ వేసింది 1814లో, ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక, అంటే జరిగిన ఆరేళ్లకు.

నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది. తెరిచి పక్కన పెట్టుకుని ఇది చదువు.

మధ్యలో తెల్లచొక్కా మనిషిని చూడు. రెండు చేతులూ పైకి చాచాడు. మోకాళ్ల మీద ఉన్నాడు, కానీ లేచి నిలబడితే ఆ బొమ్మలో అందరికన్నా ఎత్తుంటాడు. గోయా కొలత తెలియక వెయ్యలేదు అది. మన తోలుబొమ్మలాటలో రావణుణ్ణి పెద్దగా చేసినట్టే, ఇక్కడ చావబోయేవాణ్ణి పెద్దగా చేశాడు. మనవాళ్లకు ఈ కిటుకు పుట్టుకతో తెలుసు. తెర మీద నీడ పెద్దదైతే పాత్ర పెద్దదని పల్లెటూరి పిల్లవాడు కూడా గ్రహిస్తాడు. గోయా ఆ పెద్దరికాన్ని రాజు దగ్గరి నుంచి లాక్కుని పేరు లేని కూలివాడికి ఇచ్చాడు. అతని ముఖంలో వీరత్వం లేదు. కళ్లు తేలేసి ఉన్నాయి. భయం అది, నిజమైన భయం. చేతులు మాత్రం దిగలేదు.

ఎడమ పక్క కింద చూడు. అప్పటికే కాల్చినవాళ్లు పడి ఉన్నారు. అందరికన్నా ముందు పడినవాడు బోర్లా ఉన్నాడు, ముఖం నెత్తురులో, రెండు చేతులూ ముందుకు చాచి. తెల్లచొక్కావాడి చేతులు పైకి ఎట్టా ఉన్నాయో, శవం చేతులు నేల మీద అట్టాగే ఉన్నాయి. ఒకే మనిషి ఒక నిమిషం ముందు, ఒక నిమిషం తర్వాత అన్నట్టు. చూసినవాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, కన్ను దానంతటదే పైనుంచి కిందికి దిగుతుంది. ఆ నెత్తుటిని నున్నగా దిద్దలేదు, ముద్దగా పులిమి వదిలేసినట్టు ఉంటుంది. రంగు చేసే పని అది. చొక్కా ఇస్త్రీ చేసినట్టు నెత్తుటిని ఇస్త్రీ చేస్తే చావు కూడా మర్యాదగా తయారవుతుంది. మనం క్యాలెండరు బొమ్మలు చూసి పెరిగినవాళ్లం గనక బ్రష్షు గుర్తు కనపడితే అది తప్పనుకుంటాం. కాదు. వణుకు ఉన్న చోట బ్రష్షు వణకాలి.

సైనికులను చూడు. ఒక్కడి ముఖం కూడా సరిగ్గా కనపడదు. వరసగా వీపులు, టోపీలు, మూటలు, ముందుకు వంగిన మోకాళ్లు, ఒకే తీరుగా చాచిన తుపాకులు. అధికారానికి ముఖం ఇవ్వలేదు ఆయన. నీ పోలీసుకు మాత్రం కోరమీసం, ఎర్రకళ్లు, బయటికి వచ్చిన పళ్లు పెట్టావు. రాక్షసుణ్ణి చేస్తే ఏమవుతుందంటే, తప్పంతా ఆ ఒక్కడి మీదికి పోతుంది. అతను జీతానికి వచ్చినవాడు. కాల్చమన్నవాడు ఎక్కడో గదిలో ఉన్నాడు. మానే అనే ఫ్రెంచి చిత్రకారుడు మెక్సికో చక్రవర్తి మాక్సిమిలియన్‌ను 1867లో కాల్చి చంపిన ఘట్టాన్ని వేశాడు. అందులో ఒక సైనికుడు వరసకు కాస్త ఎడంగా నిలబడి, అటు చంపుతుంటే చూడకుండా తన తుపాకి సరిచేసుకుంటూ ఉంటాడు. రోజూ చేసే పని చేసుకుంటున్నట్టు. రాక్షసుడి పళ్లకన్నా ఆ నింపాదితనం నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇప్పుడు నీ గోడ దగ్గరికి వస్తాను. నాకు తోచిన ఏర్పాటు ఒకటి చెప్తాను, నచ్చితే వాడుకో.

పంతులుగారు శవం దగ్గరికి పోతుంటే పోలీసులు ఆపారు. అంటే పోలీసుల ముఖాలు ఆయన వైపు. శవం వాళ్ల వీపుల వెనక. చూసేవాళ్లను ఎక్కడ నిలబెడతావు? నాలుగు స్కెచ్‌లలోనూ పక్కనుంచి చూపించావు, ఎడమ వైపు తుపాకి, కుడి వైపు ఛాతీ, కబడ్డీ ఆట చూస్తున్నట్టు ఉంది. చూసేవాణ్ణి పోలీసుల వెనక్కి తీసుకురా. అప్పుడు అన్నిటికన్నా ముందు, గోడ కింది అంచున, శవం ఉంటుంది. దాని పైన పోలీసుల వీపులు, కాళ్లు. ఆ వీపుల సందులోంచి, కాస్త పైన, పంతులుగారు. ఆయన వెనక జనం, మసకగా.

ఇట్టా పెట్టాక ఆయన కళ్లు ఎక్కడికి చూడాలో నీకే తెలుస్తుంది. నీ స్కెచ్‌లలో ఆయన తుపాకిని చూస్తున్నారు. తుపాకి మీదుగా, నేల మీద పడివున్న పిల్లవాణ్ణి చూడనీ. చేతులు చొక్కా తెరుస్తున్నాయి, కళ్లు మాత్రం కిందికి ఉన్నాయి. ఆ చూపు ఒక్కటి కుదిరితే బొమ్మ కుదిరినట్టే. తుపాకిని అంతకన్నా చిన్నబుచ్చే మార్గం నాకు తెలియదు.

ఇంకో లాభం ఉంది. అది బడి గోడ. కింది అంచు ఆరో తరగతి పిల్లల కళ్లకు సరిగ్గా అందుతుంది. వాళ్లు చూసేది ముందు ఆ పడివున్న మనిషి చెయ్యి. తల ఎత్తితే పంతులుగారు. పిల్లలు తమ ఎత్తుకు తగ్గట్టే బొమ్మలోకి అడుగుపెడతారు.

"బడిలో శవం ఏంది మాస్టారూ, అశుభం" అంటారు. తప్పకుండా అంటారు, నేను పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసు హాల్లో ఇదే ఘట్టం వేశాను. పేరు చెప్పను. కింద మూలన పడిపోయిన కుర్రవాడి కాళ్లు రెండు, ఊడిపోయిన చెప్పు ఒకటి పెట్టాను. ప్రారంభోత్సవానికి రెండు రోజులుందనగా ఆ ఆఫీసువాళ్లు వచ్చి చూసి, అవి తీసేసి అక్కడ పూలకుండీ వెయ్యమన్నారు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఉన్నాను, డబ్బు అవసరం. వేశాను. నా చేతులతో నేనే ఆ కాళ్ల మీద ఆకుపచ్చ పూశాను. ఆ హాల్లోకి మళ్లీ వెళ్లలేదు. ఆ పూలకుండీ ఇప్పటికీ నా కంట్లో ఉంది. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అశుభం అన్నవాళ్లకు వీరగల్లు చూపించు. మన ఊళ్ల పొలిమేరల్లో, చెరువు గట్ల మీద, గుడి వెనక నిలబెట్టి ఉంటాయి. చచ్చిపోయిన వీరుడి గుర్తుగా వేసిన రాయి. చాలావాటిలో కింది అంతస్తులో యుద్ధం, మధ్యలో అప్సరసలు అతన్ని పైకి తీసుకుపోవడం, పైన లింగం దగ్గర అతను కూర్చుని ఉండడం. దానికి పసుపు కుంకుమలు పెడతాం, కొబ్బరికాయ కొడతాం. చావును ఊరి నడుమ పెట్టుకుని మొక్కే జాతి మనది. చావు బొమ్మ మనకు కొత్తదీ కాదు, అంటరానిదీ కాదు. ఒక్క తేడా మాత్రం ఉంది. వీరగల్లులో చచ్చినవాడు చచ్చినట్టు కనపడడు, పైకి వెళ్తాడు. నీ బొమ్మలో పిల్లవాడు నేల మీదే ఉండాలి. స్వర్గానికి పంపితే కాల్చినవాళ్ల లెక్క చెల్లిపోయినట్టు అవుతుంది.

శవాన్ని ఎట్టా వెయ్యాలి అన్నది విడిగా చెప్పాలి. ఎక్కువమంది నిద్రపోయేవాణ్ణి వేసి, నెత్తురు చుక్కలు పెట్టి శవం అంటారు. మా నాయన పోయినప్పుడు తెల్లవార్లూ పక్కన కూర్చున్నాను. పెన్సిలు పట్టుకోలేదు, కానీ కళ్లు ఊరుకోవుగదా. నిద్రపోయేవాడు తన బరువును కొంత తనే మోసుకుంటాడు. మెడ కింద, నడుం కింద కాస్త సందు ఉంటుంది, వేళ్లు కొద్దిగా ముడుచుకుని ఉంటాయి. పోయినవాడు బరువంతా నేలకు అప్పజెప్పేస్తాడు. కాలి బొటనవేళ్లు కట్టక ముందు పాదాలు రెండూ చెరో పక్కకు వాలిపోయాయి. దవడకు గుడ్డ కట్టక ముందు నోరు తెరుచుకుని ఉంది. చెంప చర్మం చెవి వైపుకు జారి, ముఖం కొత్త ముఖమైంది. అరిచెయ్యి పైకి తిరిగి ఉంది. నలభై ఏళ్లు వడ్రంగం చేసి కాయలు కాచిన చెయ్యి, ఏదీ పట్టుకోకుండా ఉండడం నేను అప్పుడే చూశాను. నీ కుర్రవాడికి ఆ చెయ్యి వెయ్యి. అరిచెయ్యి పైకి, వేళ్లు తెరుచుకుని. ముఖం పక్కకు తిప్పెయ్యి, కనపడనక్కర్లేదు. పిల్లల బడి కనక నెత్తురు ఎక్కువ వద్దు. చెయ్యి, పాదాలు చాలు.

అధికారానికి ముఖం ఇచ్చి కూడా గెలిచినవాడు ఒకడున్నాడు. రష్యా చిత్రకారుడు రేపిన్. 1581లో రష్యాను ఏలే జార్ (చక్రవర్తి) ఇవాన్ కోపంలో చేతికర్రతో కొడుకును కొట్టాడు, కొడుకు చచ్చిపోయాడు అంటారు. రేపిన్ 1885లో ఆ ఘట్టం వేశాడు. కొట్టడం వెయ్యలేదు, కొట్టిన తర్వాతి క్షణం వేశాడు. తివాచీ ముడతలు పడింది, కుర్చీ పడిపోయింది, కర్ర ముందు నేల మీద పడుంది. నల్లబట్టల ముసలివాడు గులాబీరంగు బట్టల కొడుకును పొదివి పట్టుకుని, కణత మీద గాయాన్ని చేత్తో నొక్కుతున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఆ ముసలివాడి కళ్లు చూడు. దేశమంతటినీ చంపగల మనిషికి ఒక్క చావును ఆపడం చేతకాలేదు, ఆ సంగతి అప్పుడే తెలిసింది ఆ కళ్లకు. దీన్ని జనానికి చూపించకూడదని అప్పటి జార్ మూడో అలెగ్జాండరు నిషేధం పెట్టాడు, కొన్ని నెలలకు ఎత్తేశాడు. 1913లో ఒకడు కత్తితో ముఖాల మీద కోశాడు, రేపిన్ బతికే ఉన్నాడు అప్పటికి. 2018లో మరొకడు మాస్కో మ్యూజియంలోనే కడ్డీతో కొట్టాడు. ఒక బట్ట మీది రంగుకు మనుషులు ఇంత ఉలిక్కిపడ్డారు. ఎందుకంటే అధికారం చావుకు ఎదురుగా నిలబడినప్పుడు చిన్నదైపోవడం అందులో కనపడుతుంది.

నీ గోడ మీద ఇవాన్ లాంటివాడు లేడు గనక ఈ పద్ధతి నీకు కుదరదు. అయినా ఒక్క పోలీసు తల కాస్త వెనక్కి, శవం వైపు తిరిగి ఉన్నట్టు వేసి చూడు. చెంప, చెవి మాత్రమే కనపడాలి. వరసలో ఒక్కడు తిరిగితే వరస అంతా కదులుతుంది. ఎట్టాగూ చివరికి దారి ఇచ్చారు కదా, ఆ దారి మొదలయ్యేది అక్కడ.

నిజం, అబద్ధం సంగతి కూడా అడిగావు. "నేను చూడలేదు కదా, కల్పించి వెయ్యొచ్చా" అని. వెయ్యొచ్చు. గోయా తెల్లచొక్కావాడి కుడి అరచేతిలో మేకు దిగినట్టు ఒక గుర్తు పెట్టాడు, క్రీస్తు గుర్తు. అది సాక్ష్యం కాదు, ఆయన మాట. కానీ కల్పన ఎటువైపు లాగుతోందో చూసుకోవాలి. ఫ్రాన్స్‌ చిత్రకారుడు దావిద్ 1793లో తన స్నేహితుడు, విప్లవ నాయకుడు మారా స్నానాల తొట్టిలో కత్తిపోటుతో చచ్చిపోయింది వేశాడు. గొప్ప బొమ్మ. పైన సగం బొమ్మ ఖాళీ, ఆ ఖాళీయే ఏడుస్తున్నట్టు ఉంటుంది. చంపిన ఆడమనిషి బొమ్మలో లేదు, ఆమె రాసిన ఉత్తరం మాత్రం మారా చేతిలో ఉంది. కానీ మారాకు తొట్టిలో గంటలు గంటలు కూర్చునేంత చర్మవ్యాధి. దావిద్ దాన్ని తుడిచేసి, పాలరాతి లాంటి ఒళ్లు ఇచ్చాడు. తన పక్షం మనిషిని దేవుణ్ణి చెయ్యడానికి. ఆ బొమ్మను ఎంత మెచ్చుకున్నా ఆ నున్నటి భుజం దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒప్పుకోదు. పంతులుగారికి నువ్వు పెట్టిన కండలు కూడా అదే జాతి అబద్ధం.

దావిద్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ ఉత్తరం. చిన్న వస్తువు మీద చావును నిలబెట్టడం. ఇది మనకూ తెలుసు. మన నెల్లూరు ఖడ్గతిక్కన కథ తీసుకో. మనుమసిద్ధి పక్షాన యుద్ధానికి పోయి వెనుదిరిగి వస్తే, భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపుముద్ద ఉంచిందట, తల్లి విరిగిన పాలు పోసిందట. అతను మళ్లీ యుద్ధానికి పోయి ప్రాణం వదిలాడు. ఆ కథలో యుద్ధం ఎవరికి గుర్తుంది? పసుపుముద్ద గుర్తుంది, విరిగిన పాలు గుర్తున్నాయి. నీ బొమ్మలో అట్టాంటి వస్తువు ఒక్కటి ఉండాలి. నాకైతే ఆ చెప్పు. ఊడిపోయి, కాలికి మూరెడు దూరాన, మడమ అరిగిన చెప్పు. నీకు ఇంకేదైనా తోస్తే అది పెట్టు. రెండోది మాత్రం వద్దు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, నీకు చెయ్యి ఉంది. ఒక్కటే మాట. గోయాకు రాత్రి, లాంతరు ఉన్నాయి. నీకు మద్రాసు పగటివెలుగు. వెలుగంతా ఒకేలా పరిస్తే బొమ్మ చదునైపోతుంది. అసలు తెలుపు అనేది పంతులుగారి ఖద్దరుకు, పిల్లవాడి చొక్కాకు తప్ప గోడ మొత్తం మీద ఎక్కడా వాడకు. ఆకాశానికి, భవనాలకు, జనం బట్టలకు తెలుపులో ఎల్లో ఓకరో (పసుపు మట్టిరంగు), కాస్త అంబరో (ముదురు గోధుమరంగు) కలిపి దించెయ్యి. రెండు తెలుపులు ఉంటే కన్ను ఆ రెంటి మధ్యే తిరుగుతుంది, మధ్యలో పోలీసుల ముదురు వీపులు అడ్డం వస్తాయి. జనాన్ని రెండంగుళాల బ్రష్షుతో వెయ్యి, ముఖాలు దిద్దకు. అరిచెయ్యి, పంతులుగారి కళ్లు, ఈ రెండు చోట్లే సన్న బ్రష్షు.

గోడకు చెమ్మ ఉందేమో ముందు చూసుకో. ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కవరు నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు వదిలెయ్. లోపల నీటిబొట్లు కడితే ఎండేదాకా పుట్టీ జోలికి పోకు. స్కెచ్ అంగుళానికి అడుగు లెక్కన పన్నెండు, ఏడు గళ్లు గీసుకుంటే ఎనభై నాలుగు గళ్లు వస్తాయి, పెంచడం తేలిక.

గళ్లు గీశాక పై గడి నుంచి మొదలుపెట్టడం అలవాటు మనకు. ఈసారి కింది వరసలో, పిల్లవాడి అరిచెయ్యి ఉన్న గడి నుంచి బొగ్గు పెట్టు. అది కుదిరేదాకా పంతులుగారి జోలికి పోవద్దు. కుదిరాక ఫోటో పెట్టు, చూస్తాను.